తాతయ్య కొరియా నుంచి రాసిన ఉత్తరాల మీద మన స్టాంపులేంటి?

గోదారిగట్టు: అమ్మమ్మ ట్రంకుపెట్టెలో తాతయ్య ఉత్తరాలు దొరికాయండి, 1953 నవంబర్‌వి, కొరియా నుంచి. యుద్ధం ఊసే లేదు! పొలం కౌలుకిచ్చారా, గేదె ఈనిందా, చంటిదానికి జ్వరం తగ్గిందా, ఇవే. స్టాంపులు మనవే, మీద నల్లగా హిందీ అచ్చు. అసలు యుద్ధం ఆగిపోయాక అక్కడేం చేస్తున్నట్టు?

పాతతపాలా: కాల్పుల విరమణ జులై 27నే అయింది, కానీ సొంత దేశానికి పోమని మొండికేసిన ఖైదీలు వేలల్లో మిగిలారు. వాళ్లకి కాపలాగా మన సైన్యం వెళ్లింది, మేజర్ జనరల్ థోరట్ గారి నాయకత్వంలో. పైన ఆ ఖైదీల సంగతి చూసే తటస్థ దేశాల కమిషన్‌కి అధ్యక్షుడు మన సైన్యంలోని జనరల్ తిమ్మయ్య గారు. 1954 మొదట్లో తిరిగొచ్చేశారు. ఆ హిందీ అచ్చు దళం పేరు, మామూలు స్టాంపుల మీదే వాళ్లకోసం వేయించారు.

సుబేదారుకొడుకు: యుద్ధం ఊసు లేకపోవడం వింతేం కాదు, మా నాన్నా అంతే, ఇంట్లోవాళ్లకి టెన్షన్ ఎందుకని డ్యూటీ సంగతులు రాసేవారు కాదు. స్టాంపులు మాత్రం కవర్ నుంచి ఊడదీయకండి, ముద్రలో తేదీ ఉంటుంది.

గోదారిగట్టు: అయ్యో, మా తమ్ముడు అప్పుడే ఒకటి నీళ్లలో నానేశాడండీ!