ఉప్పు కొఠారును ‘గోడౌన్’ అంటే సరిపోతుందా?

ఈ చర్చలో ఒకరు ‘కొఠారు’ అంటే ఉప్పు గోడౌన్ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నౌపడ ఉప్పు తిని పెరిగిన శ్రీకాకుళం జిల్లావాడిగా నాకు అది మింగుడుపడలేదండి.

మాట పుట్టుక చూస్తే ఆయన చెప్పింది నిజమే. సంస్కృతంలో ‘కోష్ఠాగారం’, ప్రాకృతంలో ‘కోట్ఠాగార’, అరిగి అరిగి మనకు కొఠారు. ఉత్తరప్రదేశ్‌లో దొరికిన, మౌర్యుల కాలానిదని చెప్పే సోహ్‌గౌరా రాగిరేకు శాసనంలోనూ రెండు కొఠార్ల మాట ఉంది. అవి సరుకు దాచే కొట్లు. చెన్నై సెంట్రల్ దగ్గర గూడ్స్ యార్డును ఇప్పటికీ ‘సాల్ట్ కోటార్స్’ అనే అంటారు.

కానీ మన కోస్తాలో ‘ఉప్పు కొఠార్లు’ అంటే చాలాచోట్ల ఉప్పు పండే మడులే. నాలుగు గోడల గది పేరు ఆరుబయటి నేలకు ఎలా వచ్చింది? ఎండాకాలం మడి గట్టు మీద నిలబడితే అర్థమవుతుంది. నీళ్ళు ఒక మడి నుంచి ఇంకో మడికి మారుతూ చిక్కబడతాయి. చివరి మడిలో ఉప్పు గల్లు (పలుకులు) కడుతుంది. దాన్ని చెక్క పలకతో గట్టుకు లాగి, నీరు ఓడ్చి, కుప్ప పోసి, వాన తగలకుండా తాటాకు కప్పుతారు. పండిన చోటే దాచిన చోటు. అందుకే మాట గోడ దాటి మడిలోకి దిగిందని నేను నమ్ముతున్నాను. మనం ఉప్పును ‘తయారు చేస్తాం’ అనం కదా, ‘పండిస్తాం’ అంటాం. చేసేవాడు ఉప్పు రైతు.

ఇక పాత కట్టడాల సంగతి. ఉప్పు నిల్వ చేసిన ఇటుక గోడకు ఉప్పే శత్రువు. తేమతో పాటు ఇటుకలోకి ఎక్కిన ఉప్పు ఎండినప్పుడు లోపలే గల్లు కట్టి, ఇటుకను పొరలు పొరలుగా రాల్చేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోయి ఇంకా పాడవుతుంది. సున్నపు పూతే వేయాలి. మీ ఊళ్ళో అలాంటి గోడ మిగిలి ఉంటే బాగుచేసేవాళ్ళకు ఈ మాట తప్పకుండా చెప్పండి. బోర్డు రాయిస్తే ‘గోడౌన్’ అని కాకుండా ‘ఉప్పు కొఠారు’ అని రాయించండి.

విజయనగరం జిల్లా పూసపాటిరేగ తీరం వైపు వాళ్ళు ఎవరైనా ఉన్నారా? మీ దగ్గర కొఠారు అంటే మడా, కొట్టా? నీళ్ళు నిలబెట్టే మొదటి మడికి, గల్లు కట్టే చివరి మడికి వేరే పేర్లుంటే అవీ రాయండి.