వరంగల్‌లోనే ఉండి సికిల్‌సెల్ పరిశోధన: ఏ ఫెలోషిప్‌కు అప్లై చేయాలి?

నమస్తే. బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ అయింది, వయసు 33, జనరల్ కేటగిరీ. ములుగు, భూపాలపల్లి గిరిజన కుటుంబాల్లోని సికిల్‌సెల్ (వంశపారంపర్య రక్త వ్యాధి) రోగులకు హైడ్రాక్సీయూరియా అనే మందు ఇస్తే ఒకరికి హెచ్‌బీఎఫ్ (గర్భస్థ శిశువుల్లో ఎక్కువగా ఉండే హీమోగ్లోబిన్ రకం) బాగా పెరుగుతుంది, ఇంకొకరికి పెరగదు. ఎందుకన్నదే నా ప్రపోజల్. రోగులు ఇక్కడే ఉన్నారు కాబట్టి వరంగల్ వదలాలని లేదు.

కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్‌కు వయసు 32 దాటకూడదు, అది పోయినట్టే. ఏఎన్‌ఆర్‌ఎఫ్ (కేంద్ర పరిశోధనా నిధుల సంస్థ) నేషనల్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు 35 వరకు అవకాశముంది. రెండేళ్లు, ఫెలోషిప్ కాక ఏటా 2 లక్షల గ్రాంటు. రక్తం సేకరించే ఈడీటీఏ ట్యూబులు, డీఎన్‌ఏ కిట్లు, ప్రైమర్లు, ఊళ్లకు తిరిగే ఖర్చు అందులో సర్దుకోవచ్చు. హెచ్‌బీఎఫ్ కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ మాత్రం హోస్ట్ (నేను పనిచేసే సంస్థ) దగ్గర ఉండి తీరాలి.

అసలు భయం టైం గురించే. ఎథిక్స్ అనుమతికి, కోయ భాషలో సమ్మతి పత్రాలకు మొదటి నెలలు పోతాయి. మందు డోసు కుదురుకుని హెచ్‌బీఎఫ్ నిలకడగా కనిపించడానికి ఆరు నెలలన్నా పడుతుంది. పైగా గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకున్నవాళ్లను తీసుకోలేం. దాత రక్తం కలిస్తే హెచ్‌బీఎఫ్ శాతం తక్కువగా కనిపిస్తుంది.

ఇండియా అలయన్స్ (డీబీటీ, వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి నడిపే నిధుల సంస్థ) ఎర్లీ కెరీర్ ఫెలోషిప్‌లో ఐదేళ్లు దొరుకుతాయి, ఈ పనికి అదే సరైనదనిపిస్తోంది. కానీ చేతిలో పైలట్ డేటా (ముందుగా చిన్నగా చేసి చూసిన ఫలితాలు) లేకుండా పంపితే మొదటి వడపోతలోనే తీసేస్తారా?

మెంటార్‌గా ఇక్కడి మెడికల్ కాలేజీ క్లినీషియన్‌ను పెట్టుకోవడం మంచిదా, లేక హైదరాబాద్ ల్యాబ్‌ను హోస్ట్‌గా చూపి క్లినీషియన్‌ను సహకారిగా రాయాలా? ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు చేసిన రసీదు సరిపోతుందా, అనుమతి పత్రమే కావాలా? ప్రపోజల్స్ రివ్యూ చేసినవాళ్లు, ఇలాంటి ఫీల్డ్ శాంపిళ్లతో గ్రాంటు తెచ్చుకున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.