చానళ్లకు తెలివైన కార్యక్రమాలంటే గిట్టదా, గిట్టుబాటు కాదా?

విసుగురాయుడు:

బుర్ర పెట్టి చూడాల్సిన కార్యక్రమమంటే టీవీ చానళ్లకు గిట్టదు. ఇది అనుమానం కాదు, అభియోగం. ఆధారాలు చూపిస్తాను, కాదనగలిగినవాళ్లు కాదనండి.

1966 ఫిబ్రవరిలో వియత్నాం యుద్ధంపై అమెరికా సెనేట్ విదేశీ వ్యవహారాల సంఘం బహిరంగ విచారణ జరిపింది. మాజీ రాయబారి జార్జ్ కెన్నన్ సాక్ష్యం చెబుతున్న రోజున అమెరికా చానల్ ఎన్‌బీసీ దాన్ని ప్రత్యక్షంగా చూపించింది. దాని పోటీ చానల్ సీబీఎస్ మాత్రం ఆ సమయంలో ‘ఐ లవ్ లూసీ’ పాత ఎపిసోడ్ వేసుకుంది. యుద్ధంలోకి ఇంకా ఎంత లోతుగా దిగాలో ఒక దేశం తర్జనభర్జన పడుతుంటే, అప్పటికే పదిమందీ చూసేసిన హాస్యం! ఇది భరించలేకే సీబీఎస్ వార్తా విభాగం అధిపతి ఫ్రెడ్ ఫ్రెండ్లీ రాజీనామా చేశారు.

పాత కథ అంటారేమో, చానళ్ల జాతకాలు చూడండి. నేటి టీఎల్‌సీ మూలాలు 1972లో నాసా, అమెరికా ప్రభుత్వ శాఖల చొరవతో ఉపగ్రహం ద్వారా చదువు చెప్పిన ప్రయత్నంలో ఉన్నాయి. 1980లో అది ‘ది లర్నింగ్ చానల్’ అయింది. తర్వాత చేతులు మారింది, పేరులో చదువు పోయి మూడక్షరాలు మిగిలాయి, తెర మీదకు పెళ్లి గౌన్లు, కేకులు వచ్చాయి. బ్రేవో 1980లో ప్రకటనలు లేకుండా సంగీత నాటకాలు, కళాత్మక సినిమాల కోసం పుట్టింది. ఇప్పుడు అక్కడ డబ్బున్న ఇల్లాళ్లు ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు. కిందికి జారిన చానళ్లు ఇలా ఎన్నైనా చెబుతాను. పైకి ఎక్కినది ఒక్కటి ఉంటే మీరు చెప్పండి.

లెక్కలమాస్టారు:

ఒకటుంది. ఏఎంసీ. 1984లో పాత సినిమాలు వేసుకునే చానల్‌గా మొదలైంది. 2007లో ‘మ్యాడ్ మెన్’, 2008లో ‘బ్రేకింగ్ బ్యాడ్’ అనే సొంత ధారావాహికలు ప్రసారం చేసింది. కళాభిమానం పొంగిపొర్లి అనుకోకండి. పాత సినిమాలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతున్న రోజుల్లో, ‘మీ చానల్‌కు మేమెందుకు డబ్బు కట్టాలి’ అని కేబుల్ సంస్థలు అడిగితే చూపించుకోవడానికి వాళ్లకు ఒక సొంత సరుకు కావాల్సి వచ్చింది. అందుకే విసుగురాయుడు గారూ, మీ అభియోగంలో ‘గిట్టదు’ అన్న మాట దగ్గరే నాకు పేచీ. చానల్‌కు ఇష్టాలుండవు. డబ్బు ఎవరిస్తున్నారు, దేనికిస్తున్నారు అని అడిగితే మిగతాదంతా దానంతటదే విడిపోతుంది.

ప్రకటనల మీద బతికే చానల్‌కు ప్రేక్షకుడు కొనుగోలుదారు కాడు, సరుకు. కొనేది ప్రకటనకర్త. ఎన్‌బీసీలో ప్రేక్షకుల పరిశోధన చూసిన పాల్ క్లైన్ చెప్పిన సిద్ధాంతం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. జనం ఫలానా కార్యక్రమం కోసం టీవీ పెట్టరు, ముందు టీవీ పెడతారు, తర్వాత ఉన్నవాటిలో తక్కువ చిరాకు పుట్టించేది ఏదో దాని దగ్గర ఆగిపోతారు అన్నాడాయన. చానళ్లు మూడే ఉన్న కాలంలో ఈ మాటకు తిరుగులేదు. అలాంటి పోటీలో గెలవాలంటే గొప్పగా ఉండక్కర్లేదు, ఎవరూ లేచి చానల్ మార్చకుండా ఉంటే చాలు. తెలివైన కార్యక్రమం పదిమందిని కట్టిపడేస్తుంది గానీ ఇరవైమందిని తరిమేస్తుంది. నష్టం అక్కడ.

రెండోది పునఃప్రసారం. అమెరికాలో ఒక ధారావాహిక అసలు లాభం మొదటి ప్రసారంలో కాదు, తర్వాత స్థానిక కేంద్రాలకు అమ్ముకోవడంలో వచ్చేది. అందుకు సుమారు 100 ఎపిసోడ్లు ఉండాలనేది పరిశ్రమలో నలిగిన లెక్క. రోజుకొకటి చొప్పున, ఏది ముందు ఏది వెనుక అన్న పట్టింపు లేకుండా వేసుకోవాలి. ఎపిసోడ్ మొదట్లో హత్య, చివర్లో అరెస్టు అయితే ఎక్కడ తెరిచినా అర్థమవుతుంది. 1990లో మొదలైన ‘లా అండ్ ఆర్డర్’ ఆయుష్షు రహస్యం చాలావరకు అదే. మొదటి భాగంలో పాత్ర దాచుకున్న అబద్ధం నలభయ్యో భాగంలో బయటపడే కథను మంగళవారం మధ్యాహ్నం మధ్యలోంచి ఎవరు చూస్తారు? రచయితకు తెలివి లేక కాదు, ఆ తెలివికి రెండో అమ్మకం లేదు.

పాతతెర:

ఇద్దరూ ‘తెలివైన’ అనే విశేషణాన్ని ఎంత ధీమాగా వాడుతున్నారో చూస్తే నాకు ముచ్చటేస్తోంది. ఎవరు కొలిచారు?

1950ల అమెరికాలో తెలివికి పట్టం కట్టినవి క్విజ్ కార్యక్రమాలే. ‘ట్వంటీ వన్’లో కొలంబియా విశ్వవిద్యాలయ అధ్యాపకుడు చార్ల్స్ వాన్ డోరెన్ వారం వారం చెమటలు తుడుచుకుంటూ జవాబులు చెబుతుంటే దేశం గుడ్లప్పగించి చూసింది. చదువుకు ఇంత ఆదరణా అని పొంగిపోయిన పెద్దలకు 1959 నవంబరులో మొహం వాచింది. జవాబులు ముందే అందాయని ఆయనే ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు ఒప్పుకున్నాడు. ఆయన చేతిలో ఓడిన హెర్బర్ట్ స్టెంపెల్ అయితే తెలిసిన జవాబును కూడా నిర్వాహకులు చెప్పమన్నట్టు తప్పుగా చెప్పాడు. చానల్ అమ్మింది తెలివిని కాదు, తెలివి వేషాన్ని. ఇప్పటి ‘ప్రతిష్ఠాత్మక’ ధారావాహికల్లో సగం నాకు అలాగే కనిపిస్తాయి. చీకటి గదులు, గొణుగుడు సంభాషణలు, ఏడో ఎపిసోడ్ వరకు ఏమీ జరగకపోవడం. ఇదంతా లోతు అని మనం నమ్మాలి.

ఇక పామర కార్యక్రమాల సంగతి. ‘జెపర్డీ’ 1964లో పుట్టింది. క్విజ్ కుంభకోణం తర్వాత జవాబులు అందించడమే తప్పైపోయింది కదా, మనమే ముందు జవాబు చెప్పేసి పోటీదారు చేత దాని ప్రశ్న చెప్పిద్దాం అని నిర్మాత మెర్వ్ గ్రిఫిన్‌కు ఆయన భార్య సరదాగా ఇచ్చిన సలహా అది. 1984 నుంచి నేటివరకు సాగుతున్న రూపంలో షేక్‌స్పియర్, రసాయనశాస్త్రం, రాజుల వంశావళులు అన్నీ అడుగుతారు. కోట్లమంది చూస్తారు. ప్రేక్షకుడికి బుర్ర లేదన్న వాదం దీని ముందు నిలవదు.

విసుగురాయుడు:

ప్రేక్షకుడికి బుర్ర లేదని నేనెక్కడ అన్నాను? ఉన్నా దాన్ని ఉపయోగించే అవకాశం చానల్ ఇవ్వదు అన్నాను. మీ ‘జెపర్డీ’నే తీసుకోండి, దాని తొలిరూపాన్ని వేళలు మార్చి మార్చి 1975లో ఆపేసింది ఎన్‌బీసీయే. అంత మంచి సరుకును పదకొండేళ్లలో చేజార్చుకున్నవాళ్లను వెనకేసుకొస్తున్నారు మీరు.

కత్తెర:

చంపడం గురించి ఒక మాట. కార్యక్రమాన్ని చేతులారా చంపి ‘ఎవరూ చూడలేదు’ అని పోస్టుమార్టం రాయడం చానళ్లకు బాగా అబ్బిన విద్య. 2002లో ఫాక్స్ చానల్ అంతరిక్ష సాహస ధారావాహిక ‘ఫైర్‌ఫ్లై’ని శుక్రవారం రాత్రికి తోసేసింది. పాత్రల్ని పరిచయం చేసే రెండు గంటల తొలి భాగాన్ని పక్కన పెట్టి, కథలోకి మధ్యలోంచి దించింది. ఆ తొలి భాగం చివరికి డిసెంబరులో, అంతా అయిపోయాక వచ్చింది! తీసిన 14 ఎపిసోడ్లలో 11 మాత్రమే ప్రసారమయ్యాయి. వరసే ప్రాణమైన కథకు వరస తప్పించి, రేటింగు రాలేదంటే ఎవరి తప్పు? ఇందులో మాస్టారు చెప్పిన లెక్క కూడా నాకు కనిపించడం లేదు. కనిపించిందల్లా కంగారు.

లెక్కలమాస్టారు:

కత్తెర గారి మాట నిజమే, కంగారుకు కూడా ఒక ధర ఉంటుంది. దాన్ని తట్టుకోగలిగేది ఎవరు అన్నదే నాకు ఆసక్తి. చరిత్రలో జవాబు విచిత్రంగా ఉంది, ఓడిపోతున్నవాళ్లు!

1981లో పోలీసు ధారావాహిక ‘హిల్ స్ట్రీట్ బ్లూస్’ మొదలైనప్పుడు చూసినవాళ్లు చాలా తక్కువ. బోలెడు పాత్రలు, ఒకరి మాట మీద ఒకరి మాట, తెగని కథలు. అప్పుడు మూడు పెద్ద చానళ్లలో ఎన్‌బీసీది చివరి స్థానం. దాని చోట పెట్టడానికి వేరే ఏముంది గనక, కొనసాగించారు. ఆ ఏడాదే అది అమెరికా టీవీ రంగంలో పేరున్న ఎమ్మీ పురస్కారాలు 8 గెలిచింది, ఏడు సీజన్లు నడిచింది. 1982లో హాస్య ధారావాహిక ‘చీర్స్’దీ అదే కథ. రేటింగుల పట్టికలో అట్టడుగున మొదలై పదకొండేళ్లు సాగింది. మొదటి స్థానంలో ఉన్న చానల్ అయితే నెల తిరగకుండా రెండింటినీ పీకేసేది.

విసుగురాయుడు గారి అభియోగానికి అడ్డం తిరిగే సంఘటన ఇంకొకటి ఉంది. 1971లో సీబీఎస్ తన పల్లెటూరి హాస్య కార్యక్రమాలను వరసపెట్టి తీసేసింది. ‘ద బెవర్లీ హిల్‌బిల్లీస్’, ‘గ్రీన్ ఏకర్స్’, ‘హీ హా’. వీటిలో కొన్నింటికి అప్పటికీ జనం దండిగా ఉన్నారు. ‘హీ హా’ అయితే వీధిన పడ్డాక స్థానిక కేంద్రాలకు అమ్ముడుపోతూ ఇంకో రెండు దశాబ్దాలు బతికింది. మరి ఎందుకు తీసేశారు? చూసేవాళ్లలో పెద్ద వయసువాళ్లు, పల్లెవాళ్లు ఎక్కువ. ప్రకటనకర్తలకు కావాల్సింది నగరాల్లో ఉండి ఖర్చు పెట్టే యువతరం. వాటి చోటు ఆక్రమించినది జాతి విద్వేషం గురించి ఇంటి భోజనాల బల్ల దగ్గరే కొట్లాడుకునే ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’ తరహా హాస్యం. అంటే తేలికపాటి కార్యక్రమాన్ని తొక్కి బరువైనదాన్ని ఎక్కించారు, అదీ డబ్బు కోసమే. తెలివైనవాళ్ల జేబులో డబ్బుందని తేలిన రోజున చానల్‌కు తెలివి మీద ఎంత ప్రేమో!

పాతతెర:

ఆ పల్లె ప్రేక్షకుల తరఫున నేను బాధపడుతున్నాను, ఇక్కడ ఇంకెవరూ పడేలా లేరు. వాళ్ల కార్యక్రమం పోతే ‘మార్పు’, మన కార్యక్రమం పోతే ‘ద్రోహం’.

నిద్రపట్టనివాడు:

మాస్టారి లెక్కకు ఒక పరీక్ష పెడతాను. ప్రకటనలు తీసేస్తే ఏమవుతుంది? చందా మీద నడిచే హెచ్‌బీఓ ‘ద వైర్’ అనే నేర ధారావాహికను 2002 నుంచి 2008 వరకు ఐదు సీజన్లు నడిపింది. చూసినవాళ్లు కొద్దిమంది, ఎమ్మీ ఒక్కటీ రాలేదు. అయినా ఆపలేదు, ఎందుకంటే దాని కోసమే చందా కట్టేవాళ్లు కొందరు ఉంటే చాలు. ఇక్కడిదాకా లెక్క సరిపోయింది.

ఇప్పుడు స్ట్రీమింగ్ సంస్థలు చూడండి. అవీ ప్రధానంగా చందా మీదే బతుకుతున్నాయి. కానీ పాత్ర తాను చేస్తున్న పనిని నోటితో కూడా చెప్పేలా రాయమని అడుగుతున్నారని, ఫోను చూసుకుంటూ సగం చెవి పడేసే ప్రేక్షకుడికీ కథ అందాలన్నది ఉద్దేశమని, హాలీవుడ్ రచయితలు కొందరు 2024లో బయటపెట్టారు. తలుపు తీస్తూ ‘తలుపు తీస్తున్నాను’ అనే హీరో! ప్రధాన ఆదాయం ప్రకటనలది కాదు, పునఃప్రసారం అమ్మకానిదీ కాదు, అయినా ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

లెక్కలమాస్టారు:

చందాదారుల సంఖ్య కోట్లకు చేరాక ప్రతి ఒక్కరినీ నెలనెలా ఆపుకోవాలి. అప్పుడు క్లైన్ సిద్ధాంతం పక్కవాకిలి నుంచి మళ్లీ లోపలికి వస్తుంది. కొద్దిమంది చందాతో నడిచే హెచ్‌బీఓ వేరు, ఇంటింటికీ చేరాలనుకునే సంస్థ వేరు. పరిమాణం పెరిగిన ప్రతిచోటా చిరాకు పుట్టించకపోవడమే సుగుణం అవుతుంది.

నిద్రపట్టనివాడు:

అయితే ప్రజాధనంతో నడిచే సంస్థలే దిక్కా? బ్రిటన్‌లోని బీబీసీ, టీవీ చూసే ఇళ్లవాళ్లు కట్టే లైసెన్సు రుసుముతో నడుస్తుంది కాబట్టే కెన్నెత్ క్లార్క్ 13 భాగాల పాశ్చాత్య కళా చరిత్ర ‘సివిలైజేషన్’ 1969లో వచ్చింది అంటారు.

కత్తెర:

అది వచ్చిన దారి కూడా చెప్పండి మరి. బీబీసీ 2 బాధ్యతలు అప్పుడు డేవిడ్ అటెన్‌బరోవి. కొత్తగా వచ్చిన రంగుల టీవీ గొప్పతనం జనానికి చూపించాలి. ప్రపంచంలోని అందమైన చిత్రాలు, కట్టడాలు వరసగా చూపిస్తే బాగుంటుందనుకున్నారు. అదే ఏడాది అదే చానల్‌లో ‘పాట్ బ్లాక్’ అనే స్నూకర్ పోటీ కూడా మొదలైంది. బంతుల రంగులు కనపడకపోతే ఆ ఆట అర్థమే కాదు కదా, దాని కారణమూ రంగే. మైకెలాంజెలో, బల్ల మీద బంతులు, ఒకే చానల్, ఒకే అవసరం. రెండూ చరిత్రలో నిలిచాయి.

విసుగురాయుడు:

కత్తెర గారూ, మీరు చెప్పినదాంట్లో నాకు ఉపయోగపడేది ఉంది. అక్కడ ఎవరో ఒకరికి 13 భాగాలు తీయమని ముందే మాట ఇచ్చారు, ఇచ్చిన మాట ప్రకారం 13 వేశారు. రెండో వారం అంకెలు చూసి సర్దేయలేదు. మిగతా చానళ్లను నేను కళాపోషణ చేయమనడం లేదు. తీసినవన్నీ, తీసిన వరసలో, చెప్పిన వేళకు వేయమనండి చాలు. అప్పుడు కూడా జనం చూడకపోతే మాస్టారి లెక్క గెలిచినట్టు.

లెక్కలమాస్టారు:

ఆ షరతుకు నేను సిద్ధం. మొదటి స్థానంలో ఉన్న చానల్ ఏదైనా ఒప్పుకుంటుందేమో అడిగి చూడండి.