వాటర్‌కలర్ పెన్సిళ్లతో మోడల్‌కి తుప్పు మరకలు: రంగు పట్టడం లేదు

ప్రశ్న: 1/35 స్కేల్ (అసలు దానిలో 35వ వంతు సైజు) ట్యాంక్ మోడల్‌కి తుప్పు చారలు వేద్దామని వాటర్‌కలర్ పెన్సిల్ తీసుకున్నాను. గీస్తే జారిపోతోంది, తడి బ్రష్ పెడితే రంగు మొత్తం చుక్కలుగా విడిపోతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: పైన గ్లాస్ (gloss, మెరిసే) వార్నిష్ ఉందా? ఉంటే అదే కారణం. నున్నటి పూత మీద పెన్సిల్‌కి పట్టు దొరకదు, ముందు మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత మొన నీళ్లలో ముంచి బోల్టు దగ్గర చిన్న చుక్క పెట్టి, కాస్త తడిగా ఉన్న ఫ్లాట్ బ్రష్‌తో పైనుంచి కిందికి ఒక్కసారే లాగండి, ఎందుకంటే వాన నీళ్లు అలాగే కారతాయి. బ్రష్‌ని ముందు టిష్యూకి అద్దడం మర్చిపోవద్దు, అసలు కిటుకు అదే. నచ్చకపోతే తడి ఇయర్‌బడ్‌తో తుడిచేయొచ్చు, నాకు ఈ పద్ధతి అంత ఇష్టం అందుకే.

మరో జవాబు: అంచుల్లో పెయింట్ లేచినట్టు చూపడానికి పొడి పెన్సిల్ చాలు, మొన బాగా చెక్కుకోండి. చివరి వార్నిష్ మాత్రం బ్రష్‌తో వద్దు, చారలు చెదిరిపోతాయి. స్ప్రే లేదా ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగు చిమ్మే చిన్న గన్) పల్చగా రెండు మూడు పూతలు వేయండి. వార్నిష్ పడ్డాక రంగు కొంచెం మారొచ్చు, పాత ప్లాస్టిక్ ముక్క మీద ముందే చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: అవును, గ్లాస్ వార్నిషే ఉంది! మ్యాట్ కొట్టాక పెన్సిల్ చక్కగా పట్టింది. చాలా థ్యాంక్స్ అండీ.