'అకీరా' 4కె సంచిక: పాత బ్లూ-రే ఉన్నవాళ్లు మళ్లీ కొనాలా?

పాతరీలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కత్సుహిరో ఒటోమో దర్శకత్వంలో 1988లో వచ్చిన జపనీస్ యానిమేషన్ సినిమా 'అకీరా' నా దగ్గర ఇప్పటికే రెండు రూపాల్లో ఉంది. ఒకటి యూరప్‌లో అచ్చయిన డీవీడీ, రెండోది కొన్నేళ్ల కిందట కొన్న బ్లూ-రే. 2020లో జపాన్‌లో విడుదలైన 4కె రిమాస్టర్ (ఫిల్మును మళ్లీ స్కాన్ చేసి, మరింత సన్నని వివరంతో తయారుచేసిన ప్రతి) ఆధారంగా వచ్చిన కలెక్టర్ల పెట్టె ఒకటి ఇప్పుడు కంటబడింది. కొనాలనే ఉంది కానీ, ఒకే సినిమాను మూడోసారి కొనడానికి తగిన కారణం ఉందో లేదో తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను.

ఇది చేతితో గీసి, పారదర్శకమైన సెల్ పలకల మీద రంగులు వేసి, 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై ఒక్కొక్క ఫ్రేముగా చిత్రీకరించిన సినిమా. అటువంటి బొమ్మకు 4కె వల్ల నిజంగా కొత్తగా కనిపించేది ఏమైనా ఉంటుందా అన్నది నా మొదటి సందేహం. తీసిననాడు హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడాను ఇంకా విస్తారంగా చూపే పద్ధతి) అనే మాటే లేదు కనుక, ఇప్పుడు దాన్ని చేర్చడం అసలు రంగుల మీద ఇంకెవరో తమ అభిరుచిని పూయడం కాదా అన్నది రెండోది. ఈ సినిమా శబ్దం గురించి, 192 కిలోహెర్ట్జ్ (సెకనుకు 1,92,000 సార్లు శబ్దాన్ని కొలిచి నమోదు చేయడం) గురించి చాలా గొప్పగా చెబుతారు. ఆ తేడా మామూలు చెవికి తెలుస్తుందా?

ఇంత జంకడానికి కారణం ఒక పాత అనుభవం. గతంలో వేరొక జపనీస్ సైన్స్ ఫిక్షన్ యానిమేషన్ సినిమా పెట్టె ఒకటి కొన్నాను. అయస్కాంతపు మూత, దళసరి కాగితం మీద అచ్చయిన బొమ్మల పుస్తకం, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. జపనీస్ శబ్దం పెట్టుకుని చూడటం మొదలుపెడితే, ఒక పాత్ర మనవైపు వీపు పెట్టి మౌనంగా నిలబడి ఉండగా కింద రెండు వరుసల సంభాషణ వచ్చింది. నోరు కనబడని చోట ఇంగ్లీషు డబ్బింగులో అదనంగా ఇరికించిన మాటలనే సబ్‌టైటిళ్లుగా ఎక్కించారన్నమాట. అమ్మిన సంస్థకు రాస్తే, డిస్కులో లోపమేమీ లేదని జవాబిచ్చారు. వారి లెక్క ప్రకారం అది నిజమే కావచ్చు. కానీ అప్పటినుంచి పెట్టె అందం చూస్తే నాకు అనుమానమే ముందు కలుగుతోంది.

సెల్లుగీత

పాతరీలు గారూ, బొమ్మ విషయంలో నాకు తెలిసింది చెబుతాను, శబ్దం సంగతి మరొకరు చెబుతారు.

ఏ రిమాస్టర్ గురించైనా ముందుగా అడగవలసింది ఎన్ని కె అని కాదు, దేన్నుంచి స్కాన్ చేశారు అని. ఈ సినిమాకు వాడింది 35 మిల్లీమీటర్ల మాస్టర్ పాజిటివ్. అంటే కెమెరా నెగెటివ్ నుంచి నేరుగా తీసిన మొదటి ప్రతి. థియేటర్లకు వెళ్లే ప్రింట్లు ఇంకా రెండు మెట్లు దిగిన తరువాతివి, కాబట్టి ఇది మూలానికి చాలా దగ్గరిది. అప్పట్లో 70 మిల్లీమీటర్ల ప్రింట్లు కూడా వేశారు కనుక సినిమానే 70లో తీశారని కొందరు రాస్తుంటారు. అవి 35 నుంచి పెద్దవి చేసినవే.

ఇక 4కెలో కొత్తగా ఏమి కనిపిస్తుందంటే, కొత్త గీత ఏదీ కనిపించదు. అసలు కాగితం మీద ఉన్నదాన్ని మించి ఏ స్కానరూ చూపించలేదు. లాభం మరో చోట ఉంది. ఈ కథ చాలా భాగం రాత్రిపూట నడుస్తుంది. సెల్ యానిమేషన్‌లో రాత్రి సన్నివేశాలకు దగ్గరదగ్గరగా ఉండే ఛాయలు లెక్కకు మిక్కిలిగా కావాలి కనుక సాధారణంగా వాటిని తగ్గించుకుంటారు. ఇక్కడ 327 రంగులు వాడారని, అందులో 50 ఈ సినిమా కోసమే ప్రత్యేకంగా తయారు చేశారని నిర్మాణ వివరాలలో చెప్పుకున్నారు. ఇంత దగ్గరి నీలాలు, ఆకుపచ్చలు మామూలు బ్లూ-రేలోని 8 బిట్ల రంగులో (అంటే తక్కువ ఛాయల్లో) పడినప్పుడు, పొగలోను చీకటి ఆకాశంలోను మెట్లు మెట్లుగా చారలు తేలుతాయి. 4కె డిస్కులో 10 బిట్లు ఉండటం వల్ల ఆ మెట్లు కరిగిపోతాయి. నా మటుకు నాకు, రెజల్యూషన్ కంటే ఇదే పెద్ద లాభం.

హెచ్‌డీఆర్ మీద మీ అనుమానం సహేతుకమైనదే, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. అయితే జపనీస్ స్టూడియోలు 'తోకాకో' అనే పద్ధతి ఒకటి వాడేవి. నల్లటి ముసుగులో కావలసిన ఆకారానికి రంధ్రం చేసి, కింది నుంచి నిజమైన దీపపు వెలుగును రంగు కాగితం గుండా పంపి, అదే ఫ్రేము మీద రెండోసారి ఎక్స్‌పోజ్ చేసేవారు. మోటారు సైకిళ్ల వెనుక సాగిపోయే ఎర్రటి వెలుగు చారలు రంగు పూసినవి కావు, ఫిల్ము మీద పడిన కాంతి. రంగు పూసిన భాగం ఒక స్థాయిలో ఉండగా ఆ కాంతి మాత్రం దాన్ని దాటి పైకి లేవడం ఫిల్ములోనే ఉన్న సంగతి, కాబట్టి హెచ్‌డీఆర్ దాన్ని కనిపెట్టడం లేదు, బయటికి తెస్తోంది. ఒక్క హెచ్చరిక మాత్రం చేయాలి. టీవీకి తగినంత వెలుగు లేకపోతే బొమ్మ మొత్తం పాత బ్లూ-రే కంటే మసకగా అనిపించే ప్రమాదం ఉంది. అప్పుడు డిస్కును తిట్టుకోవద్దు.

ఏ సంచికనైనా మీరే పరీక్షించుకోవడానికి రెండు గుర్తులు చెబుతాను. ఒక ముఖాన్ని దగ్గరగా చూపించే ఫ్రేము దగ్గర ఆపండి. పెన్సిల్ గీతను సెల్ మీదికి ఎక్కించే యంత్రం వదిలిన కార్బన్ గీత అంచులు కొంచెం గరుకుగా, అక్కడక్కడ విరిగినట్టుగా ఉండాలి. అది నున్నగా, తీగ లాగినట్టు ఉందంటే గ్రెయిన్‌తో (ఫిల్ము మీది సహజమైన రేణువులతో) పాటు గీతను కూడా తుడిచేశారని అర్థం. రెండోది దుమ్ము. ఒక తెల్లటి చుక్క ఒకే ఒక్క ఫ్రేములో మెరిసి పోతే అది ఫిల్ముకు అంటిన దుమ్ము, దాన్ని తీసేయవలసిందే. అదే చుక్క ఆ బొమ్మ కదలకుండా ఉన్నంతసేపూ అక్కడే ఉంటే అది చిత్రీకరణ నాడు సెల్ మీద వాలిన నలుసు. సుమారు 1,60,000 సెల్ పలకలతో తీసిన సినిమాలో అవి ఉండక తప్పదు, వాటిని చెరిపే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం.

వెదురుతాళం

శబ్దం గురించి కాస్త విపులంగా రాయవలసి వస్తుంది, మన్నించండి.

ఈ సినిమాకు సంగీతం ఇచ్చింది గెయినో యమాషిరోగుమి అనే బృందం. దాని నాయకుడు షోజీ యమాషిరో. ఆయనే ట్సుటోము ఓహాషి అన్న అసలు పేరుతో శాస్త్రవేత్త కూడా. బాలి ద్వీపపు గమెలాన్ అనే వాద్య బృంద సంగీతాన్ని, జెగోగ్ అనే పెద్ద వెదురు వాద్యాలను, జపనీస్ నో నాటకపు గాన రీతిని కలిపి ఆయన ఈ సంగీతాన్ని కూర్చారు. మనిషి చెవికి సుమారు 20 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దం వినబడదు. కానీ గమెలాన్ వంటి వాద్యాలలో దాన్ని మించిన ధ్వనులు పుష్కలంగా ఉంటాయని, అవి చెవికి అందకపోయినా మెదడు మీద ప్రభావం చూపుతాయని ఓహాషి, ఆయన సహచరులు 2000లో ఒక నాడీశాస్త్ర పత్రికలో ప్రతిపాదించారు. దాన్ని 'హైపర్‌సోనిక్ ఎఫెక్ట్' అంటారు. 2009 నాటి బ్లూ-రేలో జపనీస్ శబ్దాన్ని డాల్బీ ట్రూహెచ్‌డీ 5.1 అనే బహుళ ఛానెళ్ల శబ్ద రూపంలో, 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ వద్ద ఇవ్వడానికి ప్రేరణ ఇదే. ఆ నమూనా రేటులో 96 కిలోహెర్ట్జ్ వరకు ధ్వని నిలుస్తుంది.

ఆ సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోలేదు. వేరే పరిశోధకులు చేసిన ప్రయోగాలలో అవే ఫలితాలు రాలేదన్న విమర్శ ఉంది. అదలా ఉంచితే, మన ఇళ్లలో అసలు చిక్కు వేరు. చాలా రిసీవర్లు (స్పీకర్లను నడిపే యంత్రాలు) గదికి తగినట్టు శబ్దాన్ని దిద్దే సదుపాయం ఆన్‌లో ఉంటే లోపలికి వచ్చిన 192ను నోరు మెదపకుండా 48కి దించేస్తాయి. డబ్బా మీద లోగో వెలుగుతూనే ఉంటుంది, లోపల మాత్రం సరుకు సగానికి సగం కాదు, పావు వంతు అయిపోయి ఉంటుంది. దించనివ్వకుండా ఆపినా, స్పీకరులో పై శ్రుతులు పలికే ట్వీటర్ అనే భాగం అంత ఎత్తు పలకాలి కదా.

అందుచేత, 192 కోసమే అయితే పెట్టె కొనవద్దు. అలాగని శబ్దంలో తేడా లేదని అనుకోవద్దు. 2020 సంచిక కోసం యమాషిరో బృందమే శబ్దాన్ని తిరిగి మలిచింది. ఆరంభంలో మాటా పాటా లేకుండా నగరం తెల్లటి గోళంలో మునిగిపోయి, ఆ తరువాత పడే ఒక్క పెద్ద దెబ్బను వినండి. దాని తరువాతి నిశ్శబ్దంలో ఆ మోత ఎంతసేపు గదిలో తిరుగుతుందో గమనించండి. దానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు, ఇరుగుపొరుగువారి సహనం ఉంటే చాలు.

ఇంకొక మాట. మీ యూరప్ డీవీడీ ఎన్ని నిమిషాలు నడుస్తుందో ఒకసారి చూడండి. అక్కడి పాల్ పద్ధతిలో సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేములుగా నడిపేవారు. నాలుగు శాతం వేగం పెరిగి, శ్రుతి దిద్దకపోతే సంగీతం దాదాపు ముప్పావు అర్ధస్వరం పైకి ఎక్కుతుంది.

పాతరీలు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇప్పుడే డీవీడీ తీసి చూశాను. సినిమా అసలు నిడివి 124 నిమిషాలు, నా డిస్కు 119 దగ్గర ముగుస్తోంది. ఇన్నాళ్లూ ఆ వెదురు మోత నాకు అలవాటైన శ్రుతి అసలు శ్రుతే కాదన్నమాట! సెల్లుగీత గారు చెప్పిన పరీక్ష బ్లూ-రే మీద చేసి చూశాను. గీత గరుకుగానే ఉంది, కానీ పొగలో చారలు ఉన్న మాట నిజం. ఒకసారి చూశాక ఇక కళ్లు వాటినే వెతుకుతున్నాయి. సబ్‌టైటిళ్ల సంగతి ఎవరైనా చెబితే నిర్ణయం తీసుకుంటాను.

పేజీమూల

పాతరీలు గారికి నమస్కారం. డబ్బింగు ఆధారంగా రాసిన సబ్‌టైటిళ్లు ఏ సినిమాకైనా అన్యాయమే, ఈ సినిమాకు మరీ అన్యాయం. జపాన్‌లో యానిమేషన్‌కు సాధారణంగా బొమ్మ పూర్తయ్యాక గొంతులు చేర్చేవారు. 'అకీరా'కు మాత్రం సంభాషణలు ముందే రికార్డు చేసి, వాటికి తగ్గట్టు పెదవులు గీశారు. అంటే పాత్రల నోరు జపనీస్ మాటకే కదులుతుంది. ఇంగ్లీషులో దీనికి రెండు డబ్బింగులు ఉన్నాయి, ఒకటి 1980ల చివర అమెరికాలో విడుదలైనది, మరొకటి 2001లో పయనీర్ సంస్థ చేయించినది. 2013లో ఫ్యూనిమేషన్ సంస్థ తెచ్చిన 25వ వార్షికోత్సవ సంచికలో రెండూ ఉన్నాయి. పాత డబ్బింగుతో పెరిగినవారికి అదే ప్రాణం కనుక, పెట్టె మీద 'ఇంగ్లీషు' అని మాత్రమే రాసి ఉంటే అది ఏ డబ్బింగో అడిగి తెలుసుకోవాలి. సబ్‌టైటిళ్లకు మీరు చెప్పిన వీపు పరీక్షను మించినది లేదు. దానికి తోడు, గోడల మీద రాతలకు, వార్తా ప్రసారపు గొంతుకు కూడా అనువాదం ఉందేమో చూడమని, ఇప్పటికే కొన్నవారిని అడగండి.

4కె డిస్కులకు ప్రాంతపు తాళం (ఒక ప్రాంతపు ప్లేయరులోనే ఆడేలా పెట్టే కట్టుబాటు) ఉండదు. అదే పెట్టెలోని మామూలు బ్లూ-రేకు మాత్రం ఉండవచ్చు. జపాన్, అమెరికా రెండూ 'ఎ' ప్రాంతం, యూరప్ 'బి' ప్రాంతం. ప్రత్యేక అంశాలన్నీ ఆ రెండో డిస్కులోనే పెట్టి ఉంటే, సినిమా ఆడుతుంది, మేకింగ్ వీడియో మాత్రం ఆడదు. దీన్ని చాలామంది కొన్నాకే తెలుసుకుంటారు.

పెట్టె అందం మీద మీ అనుమానాన్ని మాత్రం నేను పూర్తిగా సమర్థించలేను. ఈ సినిమాకు పెట్టుబడి పెట్టిన సంస్థల కూటమిలో లేజర్‌డిస్క్ కార్పొరేషన్ కూడా ఒక భాగస్వామి. అంటే ఇంట్లో దాచుకుని చూసే డిస్కు అన్న ఆలోచన ఈ సినిమా పుట్టుకలోనే ఉంది. డీవీడీకి ముందు వాడిన పెద్ద డిస్కు అయిన లేజర్‌డిస్కులో సీఏవీ అనే పద్ధతి ఒకటి ఉండేది. ఒక్కో వైపు 30 నిమిషాలే పట్టేది కనుక 124 నిమిషాలకు ఐదు వైపులు కావాలి, మధ్యలో లేచి తిప్పుతూ ఉండాలి. అయినా దానికోసమే ఎగబడేవారు, ఎందుకంటే ఏ ఫ్రేమునైనా వణుకు లేకుండా ఆపి చూడవచ్చు. స్టోరీబోర్డు (సన్నివేశాలను ముందే గడులుగా గీసుకున్న బొమ్మలు) పుస్తకం ఉన్న సంచిక దొరికితే నేను దానికే మొగ్గుతాను. ఒటోమో గీసిన గడిని పక్కన పెట్టుకుని తెర మీది ఫ్రేమును ఆపి చూడటంలో ఉన్న ఆనందం, కొత్తగా గీయించిన అట్టలో ఉండదు.

కొన్నాక వెంటనే అలమారలో పెట్టేయకండి, వాపసు గడువు లోపల మొత్తం ఒకసారి ఆడించండి. రెండు పొరల డిస్కులో సమాచారం మొదటి పొరలో లోపలి నుంచి అంచుకు, రెండో పొరలో అంచు నుంచి లోపలికి సాగుతుంది. అందువల్ల అంచు దగ్గరి అచ్చు లోపం, గీరుడు సినిమా మధ్య భాగంలో బయటపడుతుంటాయి. మొదటి పది నిమిషాలు చూసి బాగుందని మూసేస్తే అది మీకు తెలియదు.

పాతరీలు

స్టోరీబోర్డు పుస్తకం ఉన్నదాన్ని వెతకడం మొదలుపెట్టాను. వీపు పరీక్ష ఫలితాన్ని డిస్కు చేతికి వచ్చాక ఇక్కడే రాస్తాను.