జలియన్‌వాలా బాగ్ సందులో ఆ బొమ్మలు ఉండాల్సినవేనా?

గౌతమి తీరం

కిందటి నెల నేనూ మా అమ్మాయీ అమృత్‌సర్ వెళ్ళొచ్చాం. నాకిది రెండోసారి. మొదటిసారి 2009లో, పెళ్ళయిన కొత్తలో మావారితో వెళ్ళాను. అప్పుడు జలియన్‌వాలా బాగ్‌లోకి వెళ్ళే సందు ఒట్టి గోడలే. ఇద్దరు పక్కపక్కన నడిస్తే మూడో మనిషి వెనకబడాల్సిందే. గోడకి చెయ్యి ఆనించుకుని నడిచాను. దారంతా మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఈసారి చూస్తే ఆ గోడల నిండా బొమ్మలు. 1919 వైశాఖి పండక్కి వచ్చిన జనమట. తలపాగాల పెద్దవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు, అందరూ నవ్వు మొహాలతో. 2021లో బాగు చేయించినప్పుడు పెట్టారు. మా అమ్మాయికి పదమూడేళ్ళు. "అమ్మా, వీళ్ళెందుకు నవ్వుతున్నారు?" అంది. పండక్కి వచ్చారు కదమ్మా అన్నాను గానీ నాకే గొంతు పెగల్లేదు. మా ముందు ఒక కుటుంబం బొమ్మ భుజం మీద చెయ్యేసి ఫొటో దిగుతోంది. వాళ్ళు కదిలేదాకా వెనక జనమంతా ఆగాం.

కాల్పులప్పుడు జనం దూకిన లోపలి బావికీ అద్దం బిగించారు. వంగి చూస్తే అందులో మా మొహాలే కనబడ్డాయి.

నాకైతే చాలా తప్పు పని అనిపించింది. మీలో వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. ఆ సందుని ఉన్నదున్నట్టు వదిలేయాల్సింది కాదా?

బడిగంట

గౌతమి గారూ, మీ బాధ అర్థమైంది. కానీ నేను ఒప్పుకోను. నేను హైస్కూల్లో సోషల్ మాస్టర్ని. రెండేళ్ళ కింద తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్ళాను. వాళ్ళకి పాఠ్యపుస్తకంలో దీని గురించి ఉన్నది ఒక్క పేరా. "జనం గుమిగూడారు, డయ్యర్ కాల్పులు జరిపించాడు, 379 మంది చనిపోయారు." పరీక్షకి సంవత్సరం గుర్తుంటే చాలు. ఆ జనం ఎవరు, ఎందుకొచ్చారు అని మా పిల్లలెవరూ ఎప్పుడూ అడగలేదు.

ఆ బొమ్మల ముందు అడిగారు. వీళ్ళు పోరాటానికి వచ్చినవాళ్ళా, పండక్కి వచ్చినవాళ్ళా అని ఒకడు అడిగాడు. రెండూ అని చెప్పాను. విచారణ లేకుండా జైల్లో పెట్టే రౌలట్ చట్టం మీద సభ ఉందని వచ్చినవాళ్ళున్నారు, ఊరి నాయకులు సత్యపాల్‌నీ సైఫుద్దీన్ కిచ్లూనీ పట్టుకుపోయారన్న కోపంతో వచ్చినవాళ్ళున్నారు, పశువుల సంతకి పల్లెల నుంచి వచ్చి, గుడిలో దణ్ణం పెట్టుకుని, కాసేపు కూర్చుందామని వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఒట్టి గోడ దగ్గర ఈ సంభాషణ జరిగేది కాదు. గోడ మీకు మాట్లాడింది, ఎందుకంటే మీరు చదువుకుని వెళ్ళారు. చదవని పిల్లాడికి గోడ గోడే.

ఇంకో సంగతి. మన మదనపల్లెలో 1919 ఫిబ్రవరి చివర జనగణమనని ఇంగ్లీషులోకి మార్చిన రవీంద్రుడే, మూణ్ణెల్లు తిరగ్గానే, మే 31న, ఈ ఘోరం విని సర్ బిరుదు వద్దంటూ వైస్రాయికి ఉత్తరం రాశాడు. ఇది రైల్లోనే పిల్లలకి చెప్పాను. ఊరి పేరు తెలిసింది కాబట్టి చెవులు రిక్కించి విన్నారు. పిల్లలకి పట్టుకోడానికి ఏదో ఒక కొస అందించాలి. ఆ బొమ్మలు అలాంటి కొస.

రాళ్ళూ శాసనాలూ

మాస్టారూ, ఆ సందు ఇరుకు ఎంత ముఖ్యమో చెప్తాను, అప్పుడు మీరే ఆలోచించండి.

ఆ రోజు డయ్యర్ 50 మంది తుపాకీల సిపాయిలతో వచ్చాడు. వెంట మెషిన్‌గన్లు బిగించిన రెండు సాయుధ కార్లు కూడా తెచ్చాడు. అవి సందులో పట్టలేదు. బయటే నిలిపేసి లోపలికి నడిచాడు. అదే ఏడాది నవంబరులో, విచారణకి సర్కారు వేసిన హంటర్ కమిటీ ముందు అతన్ని అడిగారు: కార్లు లోపలికి పట్టి ఉంటే మెషిన్‌గన్లు వాడేవాడివా అని. బహుశా వాడేవాణ్ణే అన్నాడు. పది నిమిషాల్లో 1650 తూటాలు కాల్చింది ఒట్టి రైఫిళ్ళతో. ఆ గోడలు ఇంకో రెండు మూడు అడుగులు ఎడంగా ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

అంటే ఆ సందే సాక్షి. అక్కడ నిలబడి రెండు చేతులూ చాపితే చాలు, చరిత్ర తెలుస్తుంది. ఇప్పుడు అక్కడికొచ్చేవాడి కళ్ళు బొమ్మల మొహాల మీదికి పోతున్నాయి, గోడల ఎడం మీదికి పోవడం లేదు. పైగా ఆ సాయంత్రం ఆ సందులోంచి తుపాకులు పట్టుకుని నడిచొచ్చినవాళ్ళున్నారు. అదే దారికి పండగ కళ తెచ్చిపెట్టడం నాకు మింగుడు పడదు.

బడిగంట

సాయుధ కార్ల సంగతి వచ్చేసారి పిల్లలకి తప్పకుండా చెప్తాను, అదీ ఆ సందులోనే నిలబెట్టి. కానీ సందుని ఎవరూ వెడల్పు చేయలేదుగా. ఇరుకు ఇరుకుగానే ఉంది. మీరు చెప్పిన మాట ఒక బోర్డు మీద రాసిపెడితే సరిపోతుంది, బొమ్మలు తీసేయక్కర్లేదు.

ఇంకోటి. 2009లో గౌతమి గారు చూసినది మాత్రం 1919 నాటిదా? అప్పటికది చెట్టూచేమా పెద్దగా లేని ఖాళీ స్థలం, చుట్టూ ఇళ్ళ వెనక గోడలు. 1920లో జనం చందాలేసుకుని కొన్నారు. ఎర్రరాతి స్తంభం అమెరికన్ వాస్తుశిల్పి బెంజమిన్ పోక్ గీసిచ్చినది, 1961లో రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించారు. పచ్చిక, పూలమొక్కలు, నడకదారులు అన్నీ తర్వాత వచ్చినవే. ప్రతి తరమూ తనకి తోచినట్టు చేసుకుంది. మనం చిన్నప్పుడు చూసిందే అసలుదనుకోవడం సహజమే గానీ అది న్యాయం కాదు.

కొమురవెల్లి తొవ్వ

మాస్టర్ సాబ్, నేను అమృత్‌సర్ పోలే. కానీ మా దిక్కు బైరాన్‌పల్లి ఉంది. 1948 ఆగస్టు 27 నాడు రజాకార్లు ఊరి మీద పడ్డరు. ఊరోళ్ళు బురుజెక్కి కొట్లాడిండ్రు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది. మా తాత నన్ను చిన్నప్పుడు ఆడికి తీసుకపోయి ఏం చెప్పలే. బురుజు కింద కూసోబెట్టి బీడీ తాగిండు, అంతే. లేచేటప్పుడు ఆ మట్టి మీద చెయ్యి పెట్టి దండం పెట్టిండు. నాకు అండ్లనే అంతా సమజైంది.

రేపు ఎవరన్నా అచ్చి దాని సుట్టూ నవ్వే బొమ్మలు పెడ్తమంటే నేను అడ్డం పడుకుంట. పక్కకు ఒక ఇల్లు కట్టి అండ్ల పెట్టుమను, కథ చెప్పుమను, నాకేం బాధ లేదు. బురుజును మాత్రం ముట్టొద్దు.

రాళ్ళూ శాసనాలూ

అన్నా, నేను చెప్పాలనుకున్నది మీరే చెప్పేశారు.

మాస్టారూ, 1961 స్తంభం గురించి మీరన్నది నిజమే, ఒప్పుకుంటాను. కానీ అది ఖాళీ జాగాలో కొత్తగా నిలబెట్టినది. పాతదాన్ని దేన్నీ మూయలేదు. తూటా గుర్తులున్న గోడ గోడలాగే ఉంది, గుర్తుల చుట్టూ గీతలు గీశారు, అంతే. ఇప్పుడు సందు గోడల మీద బొమ్మలు తెచ్చి అతికించారు. బొమ్మలు లేని ఆ గోడ ఎలా ఉండేదో కొత్తగా వచ్చే పిల్లాడికి ఇక తెలిసే దారి లేదు. మీ పిల్లలడిగిన ప్రశ్నలు అడిగించడానికి లోపల గ్యాలరీలున్నాయి, సాయంత్రం శబ్దం, వెలుగుల ప్రదర్శన ఉంది. వాటి మీద నాకు గొడవ లేదు.

ఇందూరు

మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. దసరా సెలవుల్లో నాందేడ్‌లో సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నం. నాన్నకు డెబ్బై రెండు. నాందేడ్ గురుద్వారా ఎన్నోసార్లు చూసిండు, గురు గోవింద్ సింగ్ ఆఖరి ఊరు చూసినం, ఇక హర్‌మందిర్ సాహిబ్, అంటే స్వర్ణదేవాలయం కూడా చూపించమంటడు. రెండు రోజులే ఉంటం. టూర్ వాళ్ళు ఉదయం గుడి, తర్వాత బాగ్ ఇరవై నిమిషాలు, మధ్యాహ్నం అటారీ సరిహద్దు అంటున్నరు. బాగ్‌కు ఇరవై నిమిషాలు సాలుతదా?

కంటోన్మెంట్

తమ్ముడూ, చాలదు. మావారి ఉద్యోగం వల్ల మూడేళ్ళు ఆ ఊళ్ళో ఉన్నాను, చెప్తాను విను.

ముందు ఈ గొడవ సంగతి. ఊళ్ళోవాళ్ళూ ఇక్కడిలాగే రెండుగా ఉన్నారు. 2021 ఆగస్టులో తెరిచినప్పుడు రాహుల్ గాంధీ అది అమరులకి అవమానం అన్నారు. అదే కాంగ్రెస్ పార్టీలో అప్పటి ముఖ్యమంత్రి అమరీందర్ సింగ్ నాకు బాగానే ఉంది అన్నారు. మా పక్కింటి సర్దార్నీ ఆంటీ మాత్రం బాగు చేశాక ఒక్కసారే వెళ్ళి, ఇంక లోపలికి రానంది. ఎందుకని అడిగితే, "అక్కడ నిశ్శబ్దం ఉండేది బిడ్డా, ఇప్పుడు లేదు" అంది. నేను ఆవిడ పక్షమే.

రతన్ దేవి అని ఒకావిడ కథ మాకు చెప్పింది కూడా ఆ ఆంటీయే. కాల్పుల చప్పుడు విని బాగ్‌లోకి పరుగెత్తి, శవాల మధ్య భర్తని వెతుక్కుంది. రాత్రి ఎనిమిది దాటాక బయటికొస్తే కాల్చేస్తామన్న ఉత్తర్వు ఉంది కాబట్టి మంచం తెచ్చి మోసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. తెల్లవార్లూ ఆయన తల పక్కన కూర్చుని, ఒక వెదురుకర్రతో కుక్కల్ని తోలింది. దగ్గర్లో పన్నెండేళ్ళ పిల్లాడు దెబ్బ తగిలి పడున్నాడు, నన్ను వదిలి వెళ్ళకమ్మా అన్నాడట. నీళ్ళు అడిగాడట, ఆ చోట నీళ్ళెక్కడివి. ఇదంతా ఆవిడ కాంగ్రెస్ విచారణ సంఘానికి తన నోటితో చెప్పిన వాంగ్మూలం. ఇది తెలిశాక ఆ పచ్చికలో కూర్చుని సమోసా తినబుద్ధి కాదు.

మాస్టారూ, మీ పిల్లలకి ఈ కథ చెప్పి చూడండి. బొమ్మ అక్కర్లేదు, ఆ నేల చూపిస్తే చాలు.

ఇక మీ నాన్నగారి సంగతి తమ్ముడూ. మొదటి రోజు తెల్లవారుజామునే గుడికి తీసుకెళ్ళు. చలిపాలరాయి కాళ్ళకి తగులుతుంది, కింద పరిచిన చాప మీదే నడిపించు. తలకి గుడ్డ మర్చిపోవద్దు. లంగర్‌లో, అంటే గుడి భోజనశాలలో, రొట్టె ఒంటి చేత్తో తీసుకోకూడదు, రెండు అరచేతులూ కలిపి పట్టాలి. నాందేడ్‌లో అలవాటేగా ఆయనకి. నేల మీద కూర్చోలేకపోతే సేవాదార్లకి చెప్పు, వాళ్ళే చూసుకుంటారు.

బాగ్‌కి ఆ రోజు వెళ్ళొద్దు. గుడి నుంచి నాలుగడుగులే గదా అని అందరూ అప్పుడే దూరతారు, అందుకే ఆ రద్దీ, ఆ ఫొటోలు. రెండో రోజు పొద్దున తెరవగానే వెళ్ళు. అక్కణ్ణుంచి టౌన్‌హాల్‌లో ఉన్న దేశవిభజన మ్యూజియంకి నడిచిపోవచ్చు. సరిహద్దు దగ్గర కవాతు ఉంటే చూడు, లేకపోతే మానెయ్. పెద్దాయన ఎండలో మెట్ల మీద అంతసేపు కూర్చోలేడు.

బడిగంట

కంటోన్మెంట్ అమ్మా, రతన్ దేవి కథ నాకు తెలీదు. ఇన్నేళ్ళు పాఠం చెప్పాను, తెలీదు. బొమ్మల విషయంలో నా మాట మార్చుకోను, మా పిల్లల మొహాలు నేను చూశాను కాబట్టి. కానీ జనవరిలో మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి ముందు పిల్లల్ని సందు మొదట్లో నిలబెట్టి, రెండు చేతులూ చాపమంటాను.

గౌతమి తీరం

మాస్టారూ, వెళ్ళినప్పుడు ఒకటి చూసి చెప్పండి. మా అమ్మాయి ఇది చదివి అడుగుతోంది: ఆ బొమ్మల మధ్యలో ఎక్కడైనా ఖాళీ గోడ మిగిలిందా, చెయ్యి పెట్టేంత?