నాలుగు టీంల రగ్బీ టోర్నీ: ఫార్మాట్ ఎట్ల పెట్టాలె?

నల్లగొండ_ఫ్లాంకర్: నేషన్స్ కప్ (నాలుగు దేశాల టీంలు ఒక్క కాడ ఆడిన రగ్బీ టోర్నీ) లెక్క ఒక్క గ్రౌండ్ల నాలుగు టీంలతోని 15 మంది రగ్బీ పెడుతున్నం. మూడు దినాలల్ల అయిపోతదా?

పాలమూరు_హుకర్: అందరు అందరితోని ఒక్కోసారి ఆడితే మ్యాచులు ఆరే, దినానికి రెండు. కానీ వరుస దినాలల్ల వద్దు అన్నా. 2014 నేషన్స్ కప్‌ల బుకారెస్ట్‌ల ఎమర్జింగ్ ఐర్లాండ్ (ఐర్లాండ్ కొత్త ఆటగాళ్ల టీం), రొమేనియా, రష్యా, ఉరుగ్వే ఆడినప్పుడు రౌండుకు రౌండుకు నడుమ నాలుగైదు దినాలు ఇచ్చిన్రు. అంత ఆగలేమంటే సెవెన్స్ (టీంకు ఏడుగురే ఆడే చిన్న రగ్బీ) పెట్టుకోండ్రి, అదే నయం.

పాయింట్లు: గెలిస్తే 4, డ్రా 2. నాలుగు ట్రైలు (బంతిని అవతలోళ్ల గోల్ గీత దాటించి నేలకు ఆనిచ్చుడు) కొడితే బోనస్ 1, ఏడు పాయింట్లు లేకుంటే అంతకు తక్కువ తేడాతోని ఓడితే ఇంకో 1. అంటే ఓడినోళ్లకు కూడ 2 దొరుకుతయి. పాయింట్లు సమానమైతే ఏం చూడాలెనో ముందే కాయితం మీద రాసి కెప్టెన్లతోని సంతకం పెట్టియ్యండ్రి. లొల్లంతా ఆడనే.

మిర్యాలగూడ_రెఫ్: స్క్వాడ్‌ల 23 మంది ఉంటే ఆరుగురు ఫ్రంట్ రో (స్క్రమ్‌ల ముందు వరుసల నిలబడే ముగ్గురి జాగ) నేర్చినోళ్లు ఉండాలె. లేకుంటే స్క్రమ్‌ల (రెండు టీంల ముందోళ్లు గుంపుగ తలలు వంచి ఎదురెదురు నెట్టుకునేది) నెట్టుడు ఆపాలె. రానోన్ని నిలబెడితే కుప్పకూలి మెడకు దెబ్బ.

గీతలకు ముగ్గుపిండే. కాల్చిన సున్నం కళ్లను, ఒళ్లును కాలుస్తది. పోస్టుల నడుమ 5.6 మీటర్లు, అడ్డబొంగు 3 మీటర్ల ఎత్తు, కింద ఫోమ్ చుట్టాలె. ఎర్రనేల గట్టిగ ఉంటే రాళ్లు ఏరి, ముందు దినం తడపండ్రి.

నల్లగొండ_ఫ్లాంకర్: ఫ్రంట్ రో లెక్క తీస్తే రెండు టీంలకు సరిపోరు. సెవెన్సే పెడతం.